నిజం చెబితే ఏమవుతుంది, మేడం?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు ప్రోగ్రెస్ కార్డు తెరవకుండానే పక్కన పెట్టారు. "మార్కుల సంగతి తర్వాత చూద్దాం మేడం. వీడు ఈమధ్య నోరు తెరిస్తే అబద్ధమే. ఇంత ఫీజు కడుతున్నాం, స్కూల్లో విలువలు నేర్పరా అండీ?" అని అడిగారు. ఆవిడ వెనక లైన్లో ఇంకా పదిమంది ఉన్నారు. "వేల్యూ ఎడ్యుకేషన్ పీరియడ్ ఉందండి, నేనే చెబుతాను" అన్నాను. ఆవిడ తలూపి వెళ్లిపోయారు గానీ ఆ జవాబు నాకే చాలలేదు. ఈ నెల ఈ పేజీ నాకు ఇచ్చారు కాబట్టి అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ పీరియడ్ గురించి చెబుతాను. వారానికి ఒక్కటి. ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లీషుతో పాటు అది కూడా నాదే. పుస్తకంలో ఒక కథ, దాని కింద నీతి, ఆ కింద నాలుగు ప్రశ్నలు ఉంటాయి. టర్మ్ చివర చిన్న పరీక్ష, దానికో గ్రేడు. కిందటేడు ఆ పరీక్షలో "దారిలో పర్సు దొరికితే ఏం చేస్తావు?" అని అడిగాను. క్లాసంతా ఒకే జవాబు రాశారు: ప్రిన్సిపాల్ మేడంకి ఇస్తాం. ఒకబ్బాయి మాత్రం "లోపల ఎంత ఉందో చూస్తాను" అని మొదలుపెట్టి, అది కొట్టేసి, మళ్లీ అందరూ రాసిందే రాశాడు. ఆ పేపర్ల కట్ట మొత్తంలో నాకు నిజమనిపించిన లైను ఆ కొట్టేసిన లైను ఒక్కటే. అదే వారం అదే క్లాసులో స్లిప్ టెస్టు పేపర్లు పక్కవాళ్లతో మార్పించి దిద్దించాను. ముగ్గురు ఫ్రెండ్స్ ఒకరి తప్పులు ఒకరు సరిచేసి, పైన టిక్కులు పెట్టుకున్నారు. ముగ్గురికీ వేల్యూస్‌లో ఏ ప్లస్ గ్రేడే వచ్చింది.

ఇది మన స్కూలుకో, ఈ కాలానికో మాత్రమే ఉన్న గొడవ కాదు. రెండు వందల ఏళ్ల కిందట, 1822లో, మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయి, వాటిలో ఏం చెబుతున్నారు అని కలెక్టర్లను లెక్క అడిగాడు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన రిపోర్టు వాటిలో బాగా పేరుపడింది. ఆయనకు తెలుగు వచ్చు, అంతకుముందే తెలుగు వ్యాకరణం ఒకటి ఇంగ్లీషులో రాశాడు. తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి రాస్తూ ఆయన గమనించిందేమిటంటే, పిల్లలు పద్యాలు లెక్కలేనన్ని ఒప్పజెబుతారు, అర్థం మాత్రం తెలియదు. చిలకతో పోల్చాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే పద్ధతిని అదే రిపోర్టులో మెచ్చుకున్నాడు కూడా. అంటే తప్పులు వెతకడానికే వచ్చిన మనిషి కాదు. ఆ రోజుల్లో వీధిబడికి వెళ్లిన పిల్లవాడు శతకాలు వల్లెవేశాడు, ఈ రోజు మన పిల్లలు "ఆనెస్టీ ఈజ్ ద బెస్ట్ పాలసీ" వల్లెవేస్తున్నారు. భాష మారింది గానీ పద్ధతి అదే.

రాష్ట్రంలో కూడా ఈ విషయం మీద ఇప్పుడు చర్చ జరుగుతోంది. 2024 నవంబరులో ప్రభుత్వం కాకినాడకు చెందిన ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువలకు సలహాదారుగా నియమించింది. దానికోసం కేబినెట్ హోదా ఇచ్చారంటే విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదనే అర్థం. మంచి మాట మంచివాళ్ల నోట వినడం పిల్లలకు అవసరమే, నేను కాదనను. నా అనుమానమల్లా, విన్న మాట నడవడికలోకి ఎలా దిగుతుంది అన్న చోటే.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. కడియంలో ఆ సామెత చెప్పకుండా స్కూలు ఫంక్షన్ ముగియదు. అయితే మన పిల్లల్లో చాలామంది నర్సరీ ఇళ్ల నుంచే వస్తారు, వాళ్లకి మొక్కల సంగతి మనకంటే బాగా తెలుసు. ఒకసారి క్లాసులో ఈ సామెత చెబితే కడియపులంక నుంచి వచ్చే ఒకమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, మా నర్సరీలో ఇనుప తీగలతో ఏనుగు బొమ్మలాగా కట్టి దానిమీద మొక్క ఎక్కిస్తారు. వారం వారం కత్తిరించకపోతే అది ఏనుగులా ఉండదు, మళ్లీ మొక్కే అయిపోతుంది" అంది. క్లాసు నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆ రోజు సాయంత్రం బస్సులో అదే ఆలోచన. మా భయం, మీ భయం అనే కత్తెర ఆడుతున్నంత కాలమే నిలిచే మంచితనమైతే, ఇంటర్‌కి హాస్టల్లో దిగిన మొదటి వారానికే దాని రూపు చెదిరిపోతుంది కదా.

పాఠం వల్ల నిజాయితీ వస్తుందా అన్నది కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. బీఈడీలో సైకాలజీ పేపర్ కోసం ఈ పేర్లు బట్టీపట్టాను, టీచర్నయ్యాక గానీ అర్థం కాలేదు. అమెరికాలో హార్ట్‌షార్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు 1920లలో పది వేల మందికి పైగా స్కూలు పిల్లలను పరీక్షించారు. ఫలితాలు 1928లో పుస్తకంగా వచ్చాయి. పిల్లలకు తెలియకుండా మోసం చేసే అవకాశం కల్పించారు. క్లాసు పరీక్షలో, ఇంటి దగ్గర చేసే పనిలో, ఆటల్లో, పార్టీల్లో కూడా. తేలిందేమిటంటే, నిజాయితీపరులు ఒక గుంపు, మోసగాళ్లు ఇంకో గుంపు అని పిల్లలు విడిపోలేదు. పరీక్షలో కాపీ కొట్టని పిల్లవాడు ఆటలో మోసం చేశాడు, ఆటలో నిక్కచ్చిగా ఉన్న పిల్ల హోంవర్కులో చేసింది. నీతి బోధించే క్లాసులకు, క్లబ్బులకు వెళ్లే పిల్లలు మిగతావాళ్లకంటే పెద్దగా మెరుగ్గా కూడా లేరు. ఎక్కువ తేడా కనిపించింది ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య. పక్కనున్న పిల్లలు ఎలా ఉన్నారు, టీచర్‌తో చనువు ఎలా ఉంది అన్నదాన్నిబట్టి పిల్లల నడత మారింది.

అది చదివినప్పుడు నా క్లాసు గుర్తొచ్చింది. ఒక విషయం ఇక్కడ ఒప్పుకోవాలి.

నేను ఈ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది జరిగింది. సోమవారం ఉదయం హోంవర్కు చెక్ చేస్తున్నాను. నలుగురు తేలేదు. ముగ్గురు వరసగా "నోట్స్ ఇంట్లో మర్చిపోయాను మేడం" అన్నారు. నాలుగో అమ్మాయి లేచి, "నేను చెయ్యలేదు మేడం. నిన్న మా పిన్ని వాళ్లొస్తే ఆడుకున్నాను" అంది. నేనేం చేశానో తెలుసా? ఆ ముగ్గురిని "రేపు తీసుకురండి" అని కూర్చోబెట్టాను. ఈ అమ్మాయిని పీరియడంతా నిలబెట్టాను. డైరీలో ఎర్ర పెన్నుతో రాశాను కూడా. నాకు ఆ రోజు అందులో తప్పేమీ కనపడలేదు. చెయ్యని పిల్లకి శిక్ష, మర్చిపోయిన పిల్లలకి గడువు, న్యాయంగానే ఉంది అనుకున్నాను. తర్వాతి వారం ఆ అమ్మాయి మళ్లీ హోంవర్కు తేలేదు. లేచి నిలబడి, నా కళ్లలోకి చూసి, ఎంతో స్పష్టంగా "నోట్స్ ఇంట్లో మర్చిపోయాను మేడం" అంది.

ఆ పాఠం నేర్పింది నేనే. వేల్యూస్ పుస్తకంలో లేని పాఠం. మిగిలిన క్లాసంతా కూడా ఆ రోజు ఆ పాఠం విన్నది, దానికి పరీక్ష పెట్టనక్కర్లేకుండా నేర్చుకుంది. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. పీరియడంతా నిలబెట్టడం ఆ లెక్కలోకి రాదా అని అప్పుడు నన్ను నేను అడుక్కోలేదు.

రెండో సంగతి కిందటేడుది. ఒకబ్బాయి, పేరూ క్లాసూ చెప్పను. స్లిప్ టెస్టు పేపరు మీద వాళ్లమ్మగారి సంతకం వాడే పెట్టుకొచ్చాడు. సంతకంలో అమ్మగారి ఇంటిపేరు స్పెల్లింగు తప్పు రాశాడు, దాంతో దొరికిపోయాడు. స్టాఫ్ రూమ్‌కి పిలిచి, కూర్చోబెట్టి, ఎందుకు చేశావు నాన్నా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "లాస్ట్ టైం చూపించాను కదా మేడం" అన్నాడు. పోయినసారి లెక్కల్లో 25కి 9 వచ్చిన పేపరు నిజాయితీగా ఇంట్లో చూపించాడట. సాయంత్రం క్రికెట్ మాన్పించేశారట, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ 9 మార్కుల కథ చెప్పారట. "నిజం చెబితే ఏమవుతుంది మేడం, అదే అవుతుంది" అన్నాడు. ఏడవలేదు, ఎదురు తిరగలేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు. వాడు చెడ్డవాడు కాదు. రెండు దారులూ నడిచి చూసి, ఏది తక్కువ ఖర్చో తేల్చుకున్నాడు, అంతే. లెక్కల్లో 9 వచ్చిందని ఎవరన్నారో గానీ ఆ లెక్క మాత్రం సరిగ్గా చేశాడు.

వాడు చెప్పిన దాన్నే పరిశోధకులు ఇంకోలా చూపించారు. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే ఇద్దరు 2011లో పశ్చిమ ఆఫ్రికాలోని రెండు ప్రైవేటు స్కూళ్ల చిన్నపిల్లల మీద చేసిన పరిశోధన ఒకటుంది. ఒక స్కూల్లో తప్పుకి దెబ్బలు పడతాయి, రెండో స్కూల్లో మందలింపులే. మూడు, నాలుగేళ్ల పిల్లల్ని ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి, వెనక ఒక బొమ్మ పెట్టి, "తిరిగి చూడకు" అని చెప్పి బయటికి వెళ్లారు. రెండు స్కూళ్లలోనూ పిల్లలు తిరిగి చూశారు, చూడకుండా ఎలా ఉంటారు! "చూశావా?" అని అడిగినప్పుడు తేడా బయటపడింది. దెబ్బలున్న స్కూలు పిల్లలు ఎక్కువమంది అబద్ధం చెప్పారు. అంతేకాదు, ఆ తర్వాత అడిగిన ప్రశ్నల్లో కూడా దొరక్కుండా అబద్ధాన్ని నిలబెట్టుకోవడం వాళ్లకే బాగా వచ్చింది. నాలుగేళ్ల వయసుకే! భయం పెట్టి నిజాయితీ తెద్దామనుకుంటే వచ్చింది నైపుణ్యం.

కథలు పనికిరావా మరి అంటే, పనికొస్తాయి, కథనిబట్టి. అదే బృందం 2014లో మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు రకరకాల కథలు చెప్పి, మళ్లీ ఈ బొమ్మ పరీక్షే పెట్టింది. అబద్ధం ఆడితే ముక్కు పెరిగే పినోకియో కథ ఒకటి. తోడేలు వచ్చిందని ఊరికే అరిచే పిల్లవాడి కథ ఇంకొకటి, మనం చెప్పుకునే "నాన్నా పులి" అన్నమాట. మూడోది జార్జ్ వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికి, నేనే నరికాను నాన్నా అని ఒప్పుకుంటే తండ్రి సంతోషించిన కథ. మొదటి రెండూ ఏమీ పనిచేయలేదు. అబద్ధం చెబితే ఏమవుతుందో పిల్లలకు బాగా తెలుసు, కొత్తగా చెప్పక్కర్లేదు. నిజం చెబితే ఏమవుతుందో చూపించిన కథ విన్న పిల్లలే ఎక్కువమంది నిజం చెప్పారు. ఆ మూడో కథనే మార్చి, అబద్ధం చెప్పినందుకు చివర్లో శిక్ష పడినట్టు చెబితే దానికీ బలం పోయింది. (వాషింగ్టన్ కథ నిజంగా జరిగింది కాదు, ఆయన జీవితచరిత్ర రాసినవాడు కల్పించింది. నిజాయితీ నేర్పే కథే కల్పితం కావడం నాకు భలే సరదాగా అనిపిస్తుంది.)

నేను మాత్రం క్లాసులో కల్పిత కథ చెప్పను, గాంధీగారిది చెబుతాను. హరిశ్చంద్ర నాటకం చూసి ఆయన ఎంత కదిలిపోయారో మనకందరికీ తెలుసు, మన జిల్లాల్లో ఆ నాటకం ఆడని ఊరు లేదు కాబట్టి ఆ భాగం అందరం చెప్పుకుంటాం. నాకు నచ్చేది ఆ తర్వాతది. పదిహేనేళ్ల వయసులో ఆయన తన అన్నగారి కడియంలోంచి బంగారం ముక్క తీసి, అన్న చేసిన అప్పు తీర్చారు. లోపల నిలవలేక, ఒక కాగితం మీద అంతా రాసి, మంచాన పడి ఉన్న తండ్రికి ఇచ్చారు. తండ్రి లేచి కూర్చుని చదివారు. కళ్లనీళ్లు కారి కాగితం తడిసింది. ఒక్క మాట అనలేదు. కాగితం చింపేసి మళ్లీ పడుకున్నారు. ఆత్మకథలో ఈ ఘట్టం గాంధీగారు ఎప్పుడో జరిగినదాన్ని ఇప్పుడు చూస్తున్నట్టు రాస్తారు. ఇది చెప్పి, "మీ నాన్నగారికైతే ఏ కాగితం ఇవ్వాలనుంది?" అని అడిగాను. చీటీల మీద రాయమన్నాను, పేర్లు వద్దన్నాను. ఆ చీటీలు నేనూ చింపేశాను కాబట్టి అందులో ఏముందో రాయను. ఒకటి మాత్రం చెబుతాను. పెద్ద నేరాలేమీ లేవు. పగిలిన టిఫిన్ బాక్సులు, పారేసిన జామెట్రీ పెట్టెలు, తక్కువొచ్చిన మార్కులు. ఇంత చిన్న విషయాలకి అంత భయమా అనిపించింది.

గాంధీగారి హైస్కూలు రోజుల్లోదే ఇంకో సంగతి. ఇన్‌స్పెక్టరు వచ్చి అయిదు మాటలు రాయమంటే ఆయన ఒకటి తప్పు రాశారు. పక్కవాడి పలక చూసి దిద్దుకోమని క్లాసు టీచరే బూటు కొసతో సైగ చేశారు. ఆయనకి ఆ సైగ అర్థం కాలేదు. నేను చదువుకున్న రోజుల్లో మా బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు మాకు రెండు రోజుల ముందే ప్రశ్నలూ జవాబులూ చెప్పి, ఎవరు చెయ్యెత్తాలో కూడా పంచారు. ఆ సైగలన్నీ మాకు బాగా అర్థమయ్యాయి. ఇప్పుడు నేను టేబుల్‌కి ఇవతలి వైపు ఉన్నాను. ఓపెన్ క్లాసుకి మీరు వచ్చే ముందు రోజు పిల్లలతో రిహార్సల్ చేయించాలనిపిస్తుంది. రెండుసార్లు చేయించాను. పోయినసారి మానేశాను. అందుకే పోయినసారి ఒకబ్బాయి మీ అందరి ముందూ "గో" కి పాస్ట్ టెన్స్ "గోడ్" అన్నాడు.

మనకు కూతవేటు దూరంలో ధవళేశ్వరం ఉంది. కందుకూరి వీరేశలింగం గారు అక్కడ 1874లో ఆడపిల్లల బడి పెట్టారు. వకీలు పని చేస్తే అబద్ధాలు ఆడవలసి వస్తుందని అది వద్దనుకుని పంతులు ఉద్యోగంలోకి వచ్చారని ఆయన గురించి చెబుతారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊళ్లో పెద్దలు చాలామంది ఎదురు తిరిగితే, ఆయన దగ్గర చదువుకున్న కుర్రాళ్లు ఆయన పక్కన నిలబడ్డారు. వాళ్లకి ధైర్యం అనే పాఠం ఏ పీరియడ్‌లో చెప్పి ఉంటారు? పంతులుగారు చెప్పిన మాటకి తానే నష్టపోవడానికి సిద్ధపడటం వాళ్లు కళ్లారా చూశారు. నాకు అంత పెద్ద పనులు చేసే అవకాశం రాదు. బోర్డు మీద స్పెల్లింగు తప్పు రాసినప్పుడు పిల్ల లేచి చెబితే "థాంక్యూ" అని దిద్దుకునే అవకాశం మాత్రం వారానికి రెండుసార్లయినా వస్తుంది.

సరే, ఇప్పుడు క్లాసులో ఏం మార్చామో చెబుతాను. నేను అడగకముందే వచ్చి చెప్పిన పిల్లని నిలబెట్టను, డైరీలో రాయను. పని మాత్రం తప్పదు, అది ఆ రోజు సాయంత్రంలోగా చేసి చూపించాలి. మొదటి రెండు వారాలు ఇది నవ్వులపాలైంది. రోజూ ఉదయం నలుగురైదుగురు హుషారుగా వచ్చి, "మేడం, నిజం చెబుతున్నాను, చెయ్యలేదు" అని ఏదో బహుమతి అడుగుతున్నట్టు నిలబడేవారు. పనికి ఎలాగూ మినహాయింపు లేదని, గేమ్స్ పీరియడ్ పోతుందని తెలిశాక ఆ ఉత్సాహం తగ్గింది. నిజానికి శిక్ష లేదు, పనికి మాఫీ లేదు. ఈ రెంటినీ విడదీయడం నాకు చాలా కష్టమైంది. కోపం వచ్చినప్పుడు ఇప్పటికీ తప్పుతాను.

క్లాసు వెనక బల్ల మీద రీఫిల్లు, ఎరేజర్లు, పెన్సిళ్లతో ఒక డబ్బా కూడా పెట్టాం. ధరల చీటీ ఉంటుంది, కాపలా ఉండదు. కావలసింది తీసుకుని డబ్బులు పక్క డబ్బాలో వెయ్యాలి. మొదటి వారం 23 రూపాయలు తక్కువ వచ్చింది. ఎవరు అని అడగలేదు, బోర్డు మీద "తక్కువ: 23" అని రాసి ఊరుకున్నాను. రెండో వారం 11 తక్కువ. మూడో వారం లెక్క కంటే 6 రూపాయలు ఎక్కువ ఉంది. నాలుగో వారం మళ్లీ 8 తక్కువ. ఇది విజయగాథ అని మీకు చెప్పలేను. కానీ ఆ ఎక్కువొచ్చిన 6 రూపాయలు ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు, ఎవరూ వచ్చి చెప్పుకోలేదు. వేల్యూస్ పీరియడ్‌లో ఇచ్చిన అన్ని ఏ ప్లస్‌ల కంటే నాకు అదే ఎక్కువ.

ఇక ఇంటి సంగతి. చెప్పడానికి కొంచెం జంకుతున్నాను గానీ చెప్పాలి, కోపగించుకోకండి. పోయిన ఏడాది ఒక పాప రెండు రోజులు రాలేదు. "జ్వరం వలన" అని లీవ్ లెటరు వచ్చింది. లెటరు ఇచ్చిన చేత్తోనే పాప నాకు అన్నవరం ప్రసాదం పొట్లం కూడా ఇచ్చింది. "మేడంకి ఇమ్మంది మా అమ్మ" అని. ఆ ప్రసాదం కళ్లకద్దుకుని తిన్నాను, దానికి వంక పెట్టను. పాప మాత్రం లెటరు వైపు, పొట్లం వైపు, నా వైపు చూసింది. దానికి అర్థమైంది, నాకు అర్థమైందని కూడా దానికి అర్థమైంది. తప్పు మీదొక్కరిదే అనడం లేదు. "సత్యనారాయణస్వామి వ్రతానికి వెళ్తున్నాం" అని ఉన్నదున్నట్టు రాస్తే, అటెండెన్స్ గురించి, సిలబస్ గురించి ఉపన్యాసం ఇచ్చేది మేమే. జ్వరం అంటే మేం నోరెత్తం. అంటే మీకు కూడా నేను ఆ హోంవర్కు పిల్లకి నేర్పిన పాఠమే నేర్పించాను.

అలాగే ప్రాజెక్టులు. అయిదో తరగతి పిల్ల తెచ్చిన పోలవరం డ్యామ్ మోడల్‌లో మోటారు పెట్టి నీళ్లు తిరుగుతుంటే అది ఎవరు చేశారో మాకు తెలియదా అండీ? దానికి ఫస్ట్ ప్రైజు ఇచ్చేదీ మేమే. పక్కన అట్టముక్కలతో, జిగురు మరకలతో వంకరగా నిలబడిన ఆనకట్ట సొంతంగా చేసిన పిల్లవాడిది. వాడు ఆ రోజు ఏం నేర్చుకుని ఇంటికి వెళ్లాడో ఊహించండి. ఈ ఏడాది మా తరగతుల ప్రాజెక్టులన్నీ స్కూల్లోనే, మా ఎదురుగానే చేయిద్దామని అడిగాం, ప్రిన్సిపాల్ మేడం ఒప్పుకున్నారు. అందుకని ఈసారి సైన్స్ ఫెయిర్ కొంచెం వంకరగా ఉంటుంది. చూసి నవ్వకండి, పిల్లల్ని ఎలా చేశారో అడగండి.

ఫోన్ మోగితే "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అనడం, బస్సులో హాఫ్ టికెట్ కోసం పిల్ల వయసు తగ్గించడం లాంటివి మీకు తెలిసినవే. మా ఇంట్లోనూ జరిగేవి. వాటి గురించి ఎక్కువ రాయను.

ఆ సంతకం అబ్బాయి ఇంటికి నేను ఫోన్ చేశాను. వాడితో చెప్పే చేశాను, దొంగచాటుగా కాదు. "సంతకం సంగతి ముందు మీ వాడే చెబుతాడు, మీరు విన్నాక నాకు ఫోన్ చేయండి" అన్నాను. రాత్రి తొమ్మిదింటికి వాళ్ల నాన్నగారు చేశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ క్రికెట్ మాన్పించింది నేనేనండి, వాడు ఇంకా గుర్తుపెట్టుకున్నాడని నాకు తెలీదు" అన్నారు. తర్వాతి పేపర్లో వాడికి 25కి 11. సంతకం ఇంటిపేరు స్పెల్లింగుతో సహా సరిగ్గా ఉంది. మార్కులు ఇంకా పెరగాలి, దానికి లెక్కల సార్‌తో మాట్లాడి శనివారాలు అరగంట విడిగా కూర్చోబెడుతున్నాం.

పేరెంట్స్ మీటింగ్‌లో అడిగిన అమ్మగారికి నా జవాబు ఇది. మీ వాడు ఏ విషయాల్లో అబద్ధం ఆడుతున్నాడో ఒక వారం రాసిపెట్టండి. వాటిలో దేని గురించి అంతకుముందు నిజం చెప్పాడో, అప్పుడు ఏం జరిగిందో పక్కన రాయండి. ఆ కాగితం పట్టుకుని రండి. క్లాసు వైపు నుంచి నేనూ అలాంటిదే ఒకటి రాసి ఉంచుతాను, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.

ఈ టర్మ్ ప్రోగ్రెస్ కార్డులు వచ్చే శనివారం పిల్లల చేతికే ఇస్తున్నాం. కార్డు ఇంటికి వచ్చాక మొదటి రెండు నిమిషాలు ఏమీ అనకుండా చదవమని నా మనవి. సంతకం సోమవారానికి కాకపోయినా పర్వాలేదు, బుధవారం వరకు టైముంది. లీవ్ లెటర్లలో అసలు కారణమే రాయండి, నేను ఉపన్యాసం ఇవ్వను, మిస్సయిన పాఠం పేజీ నంబర్లు మాత్రం పంపుతాను. స్కూలయ్యాక నాలుగున్నర నుంచి అయిదున్నర దాకా ఆఫీసు పక్క గదిలోనే ఉంటాను.